చిల్లర

మధురవాడ కొండ మీద నా ఉద్యోగం
రాత్రి పదింటికి మొదలవుతుంది.
తెర మీద ఒక తెలుగు వాక్యం వస్తుంది,
కింద ఆరు గడులు:
సంతోషం, దుఃఖం, కోపం, భయం, అసహ్యం, ఏమీ లేదు.
ఒకటి నొక్కాలి.
నేను నొక్కితే యంత్రం నేర్చుకుంటుంది.
షిఫ్టుకి ఎనిమిది వందల వాక్యాలు.
తెల్లారేసరికి ఎవరైనా "టీ తాగుతావా" అన్నా
ఏ గడిలో వెయ్యాలో తోచదు.

ఆరున్నరకి బస్సు దిగి
పెదజాలరిపేట మొగలో ఆగుతాను.
గరికిన పోలమ్మ దగ్గర చేపలు కొనడం
పన్నెండేళ్ళ అలవాటు.
కానాగంతలకి బేరం ఉంది, కోనాంకి లేదు.
బడి ముఖం చూడలేదు గానీ
లెక్క ఏనాడూ తప్పలేదు.
తడి చేత్తో బొడ్లోంచి తీసి
చూడకుండానే సరిగ్గా ఇచ్చేది.

వేట నిషేధం ముగిసిన వారానికే
తమ్ముడు ఎల్లాజీ ఎక్కిన పడవ
డాల్ఫిన్ నోస్ దాటిందని చూసినవాళ్ళున్నారు.
తిరిగొచ్చిందని చూసినవాళ్ళు లేరు.

పదో రోజు బుట్టతో వచ్చి కూర్చుంది.
ఏడుపేం లేదు. అదే కత్తిపీట,
తలలు తీసి, పొట్టలు చీరి, అదే వేగం.
నూట అరవై అయింది. రెండు వందలిచ్చాను.
నలభై రావాలి.
డెబ్బై ఇచ్చింది.

నేను వెనక్కివ్వలేదు.
ఇస్తే తప్పిందని ఆమెకి తెలుస్తుంది.

ఆ రాత్రి విరామంలో యంత్రాన్ని అడిగాను:
సముద్రంలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న అక్క మీద
ఒక కవిత రాయి.
నేనూ రాస్తాను కవితలు,
రెండు ఆదివారం పేజీల్లో పడ్డాయి కూడా.
దానికి నేర్పినవాణ్ణి కదా, చూద్దామనిపించింది.

టీ చల్లారక ముందే రాసేసింది.
కన్నీటి కెరటాలు, ఉప్పుగాలి, ఒంటరి తీరం
(ఎవరైనా రాసేవే, నేనూ రాసినవే)
చివర్లో మాత్రం ఇలా ఉంది:
"వల ఆరేసిన చోట
వాడి నీడ ఇంకా ఆరలేదు."

చేతి మీద రోమాలు లేచాయి.
చెప్పుకోడానికి సిగ్గే గానీ
ఆ రెండు పాదాలు నావైతే
పదేళ్ళు బతికేద్దును వాటి మీద.

మర్నాడు పోలమ్మకి చదివి వినిపించాను.
ఎందుకో నాకే తెలీదు.
అది ఓడిపోవాలనో, నేను ఓడిపోయానని
ఇంకొకరు చెప్పాలనో.

పొలుసు తీస్తున్న చెయ్యి ఆగింది.
"బాగుంది బాబూ" అంది.
ఈగల్ని తోలింది. మళ్ళీ అడిగింది:
"ఇది కట్టినోడికి ఎవులు పోనారు?"

ఎవరూ పోలేదన్నాను.
కట్టింది మనిషి కాదు, కంప్యూటరన్నాను.
దానికి అక్క లేదు, తమ్ముడు లేడు,
సముద్రం కూడా
ఎవరో రాసిందే తప్ప తడిసి ఎరగదన్నాను.

ఆమె చాలాసేపు
దూరంగా లంగరేసిన ఓడల వైపు చూసింది.
"అయ్యో" అంది,
"ఎవులూ లేరేటి దానికి?"

ఎల్లాజీ కోసం
నా ముందు ఒక్కసారీ అనని అయ్యో అది.
ఆరు గడులున్న ఆ పెట్టె మీద
జారవిడిచేసింది,
చేపల కింద ఐసు ముక్క వేసినంత తేలిగ్గా.

ఆమె ప్రశ్న మాత్రం నాతో బస్సెక్కింది.
నాకూ ఎవరూ పోలేదు.
ఎల్లాజీని రెండుసార్లు చూశానంతే,
ఒకసారి బీడీ అడిగాడు, లేదన్నాను.
ఇది కట్టినవాడికి ఎవరు పోయారని
మీరడిగితే నేనేం చూపించను?
జేబులో ముప్ఫై రూపాయలున్నాయి.
నీచువాసన కొడుతున్నాయి.
ఖర్చు పెట్టలేను. తిరిగివ్వలేను.

ఈ ఉదయం మళ్ళీ కానాగంతలే.
నూట అరవై. రెండు వందలిచ్చాను.
తడి చెయ్యి బొడ్లోకి వెళ్ళింది,
చూడకుండానే తీసి ఇచ్చింది.

నలభై.
సరిగ్గా నలభై.
సంచి పట్టుకుని
చాలాసేపు అక్కడే నిలబడ్డాను.